పక్షి వాటా తేలాలి: మా ఉద్యమ ప్రణాళిక

మేం చెరువు గట్ల మీద బతికేవాళ్లం. చేపలు పెంచేవాళ్లం, మేత కట్టేవాళ్లం, రాత్రీ పగలూ కావలి కాసేవాళ్లం, పట్టుబడి రోజున వల లాగేవాళ్లం. బైనాక్యులర్ మెడలో వేసుకుని పక్షుల కోసం కొల్లేరు చుట్టూ తిరిగేవాళ్లూ మాలో ఉన్నారు, మత్స్యశాస్త్రం చదువుకుని ఊరికి తిరిగొచ్చిన పిల్లలూ ఉన్నారు. నిన్నటిదాకా ఒకరినొకరం అనుమానంగా చూసుకున్నాం. ఇవాళ ఒక్క మాట మీద కలిశాం. చేపల్ని తినే పక్షులు మా చెరువుల నుంచి ఏటా ఎంత తీసుకుపోతున్నాయో కొలిచి తేల్చాలి. ఆ కొలత అందరి ఎదుటా జరగాలి. రైతూ, అటవీశాఖా, బ్యాంకూ ముగ్గురూ కాదనలేనంత గట్టిగా ఉండాలి.

ఈ కాగితం మీ చేతికి చేరిందంటే నీళ్లతోనో, చేపలతోనో, రెక్కలున్న జీవాలతోనో మీకు ఏదో బంధం ఉండే ఉంటుంది. మాతో ఏకీభవించి తీరాలన్న షరతేమీ లేదు. చదవండి, తగువు పెట్టుకోండి, సబబనిపిస్తే కలవండి.

మా మాటకు పుట్టిల్లు కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో పరుచుకున్న ఆ సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రంలోకి దించుతుంది. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యం హద్దులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. హద్దు బయట కైకలూరు, మండవల్లి, ఆకివీడు, భీమవరం చుట్టూ కనుచూపు మేర చెరువులే. ఆటపాకలో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ గూళ్లు కట్టుకోవడానికి నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. గూటికి సర్కారు స్టాండు ఉంది. ఆ గూటిలోంచి లేచిన పక్షి ఆకలితో ఎగిరే దారిలో మా చెరువులున్నాయి.

1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. ఎక్కడ ఏ పక్షి ఎన్ని ఉన్నాయో అది చెబుతుంది, ఎంత తిన్నాయో చెప్పడం దాని పని కాదు. మత్స్యశాఖ లెక్కలు ఎన్ని టన్నులు పట్టారో చెబుతాయి, వల వెయ్యకముందే పోయిన చేప వాటికి అక్కర్లేదు. ఈ రెండు అంకెల మధ్య ఖాళీలో నిలబడి రైతు 'సగం కొంగలే తిన్నాయి' అంటాడు, పక్షి ప్రేమికుడు 'అవి తినేది పరిగె చేపల్నే' అంటాడు. ఇద్దరి దగ్గరా కాగితం లేదు. ఆ కాగితం రాయడానికే ఈ ఉద్యమం పుట్టింది. మా నమ్మకాలు ఇవి.

1. నష్టాన్ని కొలిపించుకోవడం రైతు హక్కు.

తుపాను వెళ్లిన తర్వాత రెవెన్యూ సిబ్బంది పొలానికి వచ్చి ఎకరాల లెక్కన పంట నష్టం రాసుకుపోతారు. చిత్తూరు వైపు ఏనుగులు చెరకుతోట తొక్కితే అటవీశాఖకు అర్జీ పెట్టుకునే దారి ఉంది. నీళ్లలోంచి ఎగరేసుకుపోయిన చేపకు ఆనవాలు మిగలదు. విరిగిన కొమ్మ ఉండదు, నలిగిన దుబ్బు ఉండదు, నీళ్లు ఎప్పటిలాగే మూసుకుంటాయి. ఆనవాలు మిగలని చోట సాక్ష్యాన్ని మనమే పోగు చేసుకోవాలి. నిజాయితీగా వేసిన లెక్కలో అంకె పక్కనే, అది ఎంతవరకు తప్పు కావచ్చో కూడా రాసి ఉంటుంది. 'నూటికి పది, అటూ ఇటూ నాలుగు' అని చూపించగల రైతు బీమా కంపెనీ ముందు నిలబడగలడు. 'సగం పోయింది' అన్న మాట ఊరి టీకొట్టు దాటి పోదు.

2. 'కొంగలు' అనే ఒకే పద్దు రద్దు కావాలి.

దేని ముక్కు దానిది, దేని ఆకలి దానిది. గూడబాతు ఈదుతూ పైనీటిని ముక్కు కింది సంచితో తోడుతుంది, రోజుకు కిలో దరిదాపుల్లో చేప తింటుంది. చలికాలంలో దిగే పెద్ద నీటికాకి మునిగి తరిమి పడుతుంది, దాని రోజు కూడు సుమారు అర కిలో. చిన్న నీటికాకి అంతకంటే బాగా చిన్నది, తినేదీ తక్కువే, కానీ గుంపుగా వస్తుంది, ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది. నారాయణపక్షి ఒడ్డున కదలకుండా నిలబడి అదను చూసి పొడుస్తుంది. గుడ్డికొంగకు కప్ప అయినా పురుగైనా చేపపిల్ల అయినా ఒకటే. లకుముకిపిట్ట ఎత్తుకుపోయేది చిటికెన వేలంత పిల్లని. ఎర్రకాళ్ల కొంగ ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, తగిలినదాన్ని పట్టుకుంటుంది. కాళ్లు ఆనే లోతులోనే దాని వేట. నిండా నీళ్లున్న పెంపకపు చెరువులో దానికి పని లేదు. చెరువు దించి పట్టుబడి చేశాక బురద గుంటల్లో మిగిలిన చేప కోసం మాత్రం మందలుగా దిగుతుంది, అప్పటికి మన చేప లారీ ఎక్కేసి ఉంటుంది.

నత్తగుల్ల కొంగ సంగతి వేరుగా చెప్పాలి. దాని తిండి ముఖ్యంగా నత్తలు. ముక్కు నడుమ ఉన్న సందు దానికి ఆ పని కోసమే. కానీ ఆకారం పెద్దది, దూరానికి కొంగే కాబట్టి టపాకాయ మొదట దాని మీదికే పడుతోంది. నేరం చెయ్యకుండా శిక్ష పడుతున్న జీవి అది. మా లెక్కల పుస్తకంలో మొదటి దిద్దుబాటు దాని పేరు కొట్టెయ్యడమే.

కనుక ప్రతి పక్షికీ వేరే పేజీ. దాని పక్కన ప్రతి చేపకూ వేరే పేజీ. బొచ్చె పైనీటి చేప, శీలావతి నడిమి నీటిలో తిరుగుతుంది, మోసు అడుగున. పైపొర తోడే గూడబాతు వల్ల బొచ్చెకే ఎక్కువ దెబ్బ పడుతోందా, మునిగే నీటికాకి మూడింటినీ సమానంగా తీస్తోందా అన్నది రెండు పేజీలు పక్కపక్కన పెట్టిన రోజు తేలుతుంది.

3. పక్షి గొంతు వెడల్పే నష్టానికి హద్దు.

పక్షి చేపను నమలదు, మింగుతుంది. మింగుడు పడనిది దాని తిండి కాదు. ఈ చిన్న నిజంలో సగం పరిష్కారం దాగి ఉంది. మన కోస్తా రైతు వేలెడంత పిల్లను నేరుగా పెద్ద చెరువులో వదలడు. ముందు చిన్న చెరువులో ఒత్తుగా పెట్టి, మేత బిగబట్టి, ఏడాదిపాటు ఎదుగుదల ఆపుతాడు. వంద గ్రాములో ఆపైనో తూగాకే పెంపకపు చెరువుకు మారుస్తాడు. ఆకలికి ఆగిన ఆ చేప మేత చూడగానే గబగబా పెరుగుతుంది. ఈ పద్ధతి మన రైతులు కనిపెట్టుకుని పదును పెట్టుకున్నది, బరువు కోసం చేసింది. పక్షి విషయంలో కూడా అది కవచమని చాలామందికి తట్టలేదు. ఆ సైజు చేప చిన్న నీటికాకి గొంతు దిగడం కష్టం. గూడబాతుకూ పెద్ద నీటికాకికీ మాత్రం అడ్డు లేదు.

అంటే పోరు ఎక్కువగా జరిగేది నర్సరీల్లో. పదుల ఎకరాల చెరువు మీద వల కప్పే స్తోమత ఎవరికుంది? నర్సరీ మీద కప్పవచ్చు, తాళ్లు లాగవచ్చు, మనిషిని నిలబెట్టవచ్చు. ఖర్చు ఎక్కడ పెడితే ఫలితం ఉంటుందో చెప్పగలిగేది కొలత ఒక్కటే.

గొంతు దిగని చేప క్షేమంగా ఉందనీ అనుకోవద్దు. నీటికాకి ముక్కు కొసన కొక్కెం ఉంటుంది. పట్టి వదిలేసిన చేప ఒంటి మీద దాని గాటు పడుతుంది, పొలుసు లేచిన చోట తెగులు తగులుకుంటుంది. ఆ చేప పది రోజుల తర్వాత చచ్చి తేలితే దాన్ని ఏ పద్దులో రాస్తారు? కాటాకు ఎక్కినప్పుడు గాటు చూసి బేరగాడు ధర కోస్తే ఆ కోత ఎవరి ఖాతా? గాయపడిన చేపకు మా పుస్తకంలో సొంత గడి ఉంటుంది.

తెలంగాణలో ఊరి చెరువులకు ప్రభుత్వం ఇచ్చే పిల్ల 35-40 మిల్లీమీటర్లు, 80-100 మిల్లీమీటర్లు అని రెండు సైజుల్లో వస్తుంది. వదిలిన తొలి వారాల్లో ఈ రెండిటికీ ఉన్న అపాయం ఒకటి కాదు. ముదిరాజ్, గంగపుత్ర సంఘాల అన్నదమ్ములు మాతో చేయి కలిపితే ఆ తేడా తేల్చగలిగేది వాళ్లే.

4. తలలు లెక్కపెడితే ఆకలి లెక్క తేలదు.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. మా వాదమంతా ఈ గుణకారంలో ఉంది. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి.

ఒక నర్సరీ మీద పొద్దున ఏడింటికి 60 చిన్న నీటికాకులు వాలాయనుకుందాం. ఒక్కోటి రోజుకు 100 గ్రాములు తింటుందనుకుందాం. సీజను 90 రోజులు. గబగబా గుణిస్తే 540 కిలోలు. పిల్ల పది గ్రాములదైతే 54,000 పిల్లలు. గుండె జారిపోతుంది. ఇప్పుడు నిదానంగా చూద్దాం. ఎనిమిదయ్యేసరికి ఆ గుంపులో చాలా భాగం లేచి పంటకాలవ మీదికి పోయింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గంటగంటకూ లెక్కపెట్టి సగటు తీస్తే ఆ చెరువు మీద వేటాడింది 20 పక్షుల పెట్టు. వాటి తిండిలో మన పిల్ల నూటికి 40 పాళ్లు, మిగిలింది పరిగెలూ కప్పపిల్లలూ రొయ్యలూ. అప్పుడు లెక్క 72 కిలోలు, 7,200 పిల్లలు. అదే చెరువు, అవే పక్షులు, ఏడున్నర రెట్ల తేడా.

ఇది తిరగబడీ జరుగుతుంది. ఎండ నడినెత్తికి వచ్చాక జీపు దిగిన అధికారికి మూడే పక్షులు కనబడతాయి. ఆయన ఆ మూడిటితో గుణించి నష్టం లేదని రాసుకుని వెళ్లిపోతాడు. రైతు ఏడింటి అంకె, అధికారి పన్నెండింటి అంకె, రెండూ కళ్లతో చూసినవే, రెండూ తప్పే. పైగా పక్షులు అన్ని చెరువుల మీదా సమానంగా వాలవు. మండలం సగటు నూటికి రెండే కావచ్చు, ఆ రెండూ నలుగురి చెరువుల్లోంచే పోయి ఉండవచ్చు. సగటు చూసి తృప్తిపడితే ఆ నలుగురూ మునిగిపోతారు.

అందుకే ఎన్ని పక్షులు, ఎన్ని గంటలు, ఏ నెల, గూటిలో పిల్లలున్నాయా లేవా అన్నీ రాయాలి. గూటిలో పిల్లలున్న పక్షి తన పొట్టకే వేటాడదు. సాయంత్రం అవి చేరే చెట్ల దగ్గర నిలబడి లెక్కపెడితే చెరువు లెక్కకు సరిచూపు దొరుకుతుంది. ఏం తిన్నాయన్నది గూళ్ల కింద తెలుస్తుంది. నీటికాకి అరగని ఎముకల్ని ఉండలు చేసి కక్కేస్తుంది. ఆ ఉండల్లో దొరికే చేప చెవిరాయిని బట్టి జాతినీ సైజునీ చెప్పవచ్చు. బొచ్చె, శీలావతి వంటి కార్పు జాతుల చెవిరాయి మరీ చిన్నది, కరిగిపోతుంది. వాటి గొంతులో ఉండే పళ్ల ఎముక మేలు, అది మిగులుతుంది. ఆటపాక గూళ్ల కింద, అటవీశాఖ అనుమతితో, ముక్కు మూసుకుని ఆ ఉండలు ఏరే పని మాలో కొందరు అప్పుడే ఒప్పుకున్నారు. కంపు భరించలేమన్నవాళ్లకు గట్టు మీద పని ఉంది.

5. చచ్చిన ప్రతి చేపనూ పక్షి ఖాతాలో వెయ్యం.

మబ్బు పట్టిన రాత్రి తర్వాత తెల్లవారుజామున గట్టు మీద నిలబడి చూడండి. నీటిలో ఆక్సిజన్ అడుగంటి ఉంటుంది. చేపలు మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తుంటాయి. కావలి కాసే అతను టార్చిలైటు అటు తిప్పి ఒక్క క్షణం చూసి ఏరియేటరు దగ్గరకి పరిగెడతాడు. తవుడూ చెక్కా నింపి చిల్లులు పొడిచి తాళ్లకు వేలాడదీసిన మేత సంచులు నిన్నటివి నిన్నటిలాగే బరువుగా ఉంటాయి, తినాల్సిన చేప తినలేదు. వెలుతురు రేఖ పడేసరికి నారాయణపక్షులు నీటి అంచున బారులు తీరి ఉంటాయి. ఏడింటికి బండి మీద వచ్చిన యజమానికి కనబడేది కొంగ, దాని ముక్కులో చేప. రాత్రి ఏం జరిగిందో ఆయనకు కనబడదు.

అమెరికాలో మిసిసిపీ డెల్టా క్యాట్‌ఫిష్ చెరువుల దగ్గర పెద్ద నీలి నారాయణపక్షి మీద ఇదే అనుమానంతో పరిశోధన చేశారు. అది ఎక్కువగా పట్టేది జబ్బుపడి పైకి తేలిన చేపల్నే అని తేలింది. అవి ఎలాగూ పోయేవే. ఆ సూత్రాన్ని తెచ్చి మన పక్షులకు అతికించడం మా ఉద్దేశం కాదు. మన చెరువు మీద మనమే చూడాలి.

ఇంకో మాట, మాలో కొందరికి రుచించనిది. పిల్ల దిగిన రోజు లెక్క తక్కువొచ్చినా, లారీలో నలిగి వారంలో చచ్చినా, చేప పేను పట్టినా, ఎర్రమచ్చల తెగులు వచ్చినా, పొరుగూరివాడు రాత్రి వల వేసినా, పట్టుబడి నాడు కాటా తక్కువ తూగగానే అన్నీ కలిపి కొంగ నెత్తిన పెట్టడం మనకు అలవాటైపోయింది. కొంగ వచ్చి కాదనదు కదా. ఆ అలవాటుతో పక్షికి జరిగే అన్యాయం ఒకటైతే, తెగులును సకాలంలో గుర్తించక రైతు చేసుకునే నష్టం రెండోది, అది పెద్దది. మా కొలతలో చేరే ప్రతి రైతూ పిల్ల దిగిన రోజు లెక్కా, తేలిన చేపల లెక్కా రోజువారీ రాస్తానని మాటివ్వాలి.

6. తల నష్టం, బరువు నష్టం, రూపాయి నష్టం మూడూ వేరు.

వెయ్యి పిల్లలు పోతే మిగిలినవాటికి మేతా చోటూ ఎక్కువ దొరికి బరువెక్కుతాయి. కాటా దగ్గర ఆ వెయ్యీ పూర్తిగా కనబడకపోవచ్చు. తూము గుండా వచ్చి మన తవుడు తిని బలిసే పరిగెల్ని నీటికాకి తింటే ఆ మేరకు మేత మిగిలినట్టే. పట్టుబడికి నెల ముందు కిలో చేపను గూడబాతు తీసుకుపోతే మాత్రం అది పూర్తి నష్టం, ఏడాది మేత ఖర్చుతో సహా. పోయిన పిల్లకు పిల్ల ధర కట్టాలా, రేపటి చేప ధర కట్టాలా అన్న ప్రశ్నకు నిజాయితీ గల జవాబు ఈ రెంటి మధ్యా ఎక్కడో ఉంటుంది. ఎక్కడో తేల్చడానికి మా దగ్గరున్న పద్ధతి జత చెరువులు. ఒకే రైతు దగ్గర, పక్కపక్కన, ఒకే విస్తీర్ణం. ఒకే రోజు, ఒకే సీడు, ఒకే లెక్క. ఒకే మేత. ఒకదాని మీద వల, రెండోది ఆకాశానికి తెరిచి. ఒకే రోజున రెండూ దించి లెక్కపెట్టాలి, తూకం వెయ్యాలి. రెండిటి తేడా పక్షి వాటా. ఒక్క జతతో ఏదీ రుజువు కాదు, తెగులు ఒకదానికే రావచ్చు. పది ఊళ్లలో పది జతలు కావాలి.

7. లోకం నడిచిన దారిలోంచి నేర్చుకుంటాం, నకలు చెయ్యం.

అమెరికాలో 1998లో చేపల పెంపకందార్లు నీటికాకుల్ని చంపుకోవచ్చని పలు రాష్ట్రాలకు ఉత్తర్వు ఇచ్చారు. పర్యావరణ మదింపు సరిగా చెయ్యలేదంటూ 2016లో కోర్టు దాన్ని కొట్టేసింది. కాగితం బలహీనంగా ఉంటే రైతు అనుకూల నిర్ణయం కూడా నిలవదని అక్కడి రైతులకు తెలిసొచ్చింది. కొలంబియా నది ముఖద్వారంలో ఈస్ట్ శాండ్ ఐలాండ్ అని ఒక దీవి ఉంది. హేచరీల్లో పెరిగిన సాల్మన్ పిల్లల ఒంట్లో గింజంత ఎలక్ట్రానిక్ గుర్తులు పెట్టి నదిలో వదులుతారు. గూళ్ల కాలం అయిపోయాక పరిశోధకులు ఆ దీవి ఇసుకలో ఆ గుర్తుల్ని వెతికి, ఏ పక్షి కాలనీ ఎన్ని చేపల్ని తిన్నదో లెక్క వేస్తారు. అంత డబ్బు మనకు లేదు, కానీ గుర్తు పెట్టిన చేప అనే ఆలోచనకు అంత డబ్బు అక్కర్లేదు. ఇజ్రాయెల్‌లో వలస గూడబాతులు చేపల చెరువుల మీద పడకుండా, వాటి కోసమే విడిగా ఒక జలాశయంలో చేపలు వదిలి పెడుతున్నారు. ఆ ఖర్చులో ప్రభుత్వం వాటా ఉంది. ఎన్ని పక్షులకు ఎన్ని చేపలు కావాలో లెక్క తెలిస్తేనే అలాంటి ఏర్పాటు కుదురుతుంది.

8. తుపాకీ, విషం, ఉచ్చు మా దారి కాదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల్ని అలా చంపడాన్ని నేరమంటోంది, మేం అంతకు ముందే తప్పంటాం. టపాకాయల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అది పేలితే పక్షి పోయేది పక్కవాడి చెరువుకే.

9. కొలిచేది గట్టు మీది మనిషి.

నగరం నుంచి వచ్చే బృందం మూడు రోజులుండి వెళ్లిపోతుంది. గట్టు మీద గుడిసెలో పెళ్లాం పిల్లలతో ఉండే కావలి మనిషి ఏడాదంతా చూస్తాడు. ఏ పక్షి ఏ మూల నుంచి దిగుతుందో, ఏ మేత కర్ర మీద కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటుందో, ఏ గాలికి రాదో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ జ్ఞానానికి ఇంతవరకు కూలి లేదు, పేరూ లేదు. మా కొలతలో లెక్క రాసే ప్రతి కావలివాడికీ జీతం కాక లెక్క కూలి విడిగా ఇవ్వాలి, నివేదిక మీద అతని పేరు ఉండాలి. చదువు రాకపోతే పక్షి బొమ్మల పట్టీ, పక్కన గీతలు పెట్టే గడులు సరిపోతాయి. ఆడవాళ్లు, బడికి పోయే పిల్లలు ఇందులో మొగవాళ్ల కంటే ఓపిగ్గా ఉంటారని మా అనుమానం. అంకె తారుమారు చేసినవాణ్ణి, అది రైతు వైపైనా పక్షి వైపైనా, ఉద్యమం నుంచి తీసేస్తాం.

10. పక్షి అందరిదీ, దాని తిండి ఖర్చు ఒక్కడిది కాకూడదు.

గూడబాతును చూడటానికి ఆటపాకకు టిక్కెట్టు కొనుక్కుని పడవెక్కే మనిషికి ఆ పక్షి ఆనందం ఇస్తుంది. అంతర్జాతీయ జాబితాలో కొల్లేరు పేరు దేశానికి గౌరవం తెస్తుంది. ఆ ఆనందానికీ గౌరవానికీ వెనక ఎవరో లీజుదారు బ్యాంకు అప్పుతో కొన్న పిల్ల ఉండవచ్చు. ఉంటే ఎంత ఉందో తేలాలి. తేలిన మేరకు దేశం పంచుకోవాలి. అయితే ఒక మాట మాకు మేమే చెప్పుకోవాలి. సరస్సు పొట్టలోకి గట్లు పోసుకుంటూ వెళ్లినవాళ్లు పక్షి మన ఇంట్లోకి వచ్చిందని ఫిర్యాదు చెయ్యలేరు. అభయారణ్యం హద్దులో అక్రమంగా తవ్విన చెరువు మా లెక్కలోకి రాదు, మా పరిహారం కోరికలోకీ రాదు.

మేం కట్టాలనుకుంటున్న రేపు ఇది. ప్రతి మండలంలో ఒక లెక్క గది. గోడ మీద ఆ మండలం చెరువుల పటం, ఒక్కో చెరువు మీద నెలవారీ పక్షి గంటలు. ఏ చెరువుకు బెడద ఎక్కువో రైతు సంఘానికి ముందే తెలుస్తుంది. నర్సరీ వలలకు రాయితీ ఆ పటం చూసే ఇస్తారు, పలుకుబడి చూసి ఇవ్వరు. చేపల చెరువు బీమా పాలసీలో పక్షి నష్టానికి సొంత క్లాజు ఉంటుంది, ప్రీమియం ఆ చెరువు ఉన్న చోటును బట్టి మారుతుంది. అభయారణ్యం లోపల నాటు చేపలు, పరిగెలు, జెల్లలు తిరిగి పుష్కలంగా పెరిగేలా నీటి మట్టం నిలుపుతారు. కడుపు నిండిన పక్షికి మా గట్టు దాకా ఎగిరే అవసరం తగ్గుతుంది, ఎంత తగ్గిందో కూడా మా పుస్తకమే చెబుతుంది. జనవరి గణనకు వచ్చే పక్షి ప్రేమికులు రైతు ఇంట్లో బస చేస్తారు, పొద్దున్నే అతని చెరువు మీద లెక్క పెట్టి పెడతారు. మత్స్య కళాశాల విద్యార్థికి పక్షి కూడా పాఠం. అటవీ కళాశాల విద్యార్థికి శీలావతి పెంపకం కూడా పాఠం. మంత్రి సభలో నష్టం మాట ఎత్తితే ఎవరో లేచి ఏ ఏడాది, ఏ జిల్లా, ఎంతకెంత అని అడుగుతారు, జవాబు ఉంటుంది. ఆ జవాబు ఒక ఏడాది రైతుకు అనుకూలంగా వస్తుంది, మరో ఏడాది పక్షికి. రెండిటినీ ఒకే అచ్చులో వేస్తాం.

మొదటి ఏడాది పని ఇలా మొదలవుతుంది. ఈసారి నర్సరీల్లో పిల్ల దిగిన రోజు నుంచి లెక్క. చేరిన ప్రతి చెరువు మీదా వారానికి రెండు రోజులు, సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా గంటకోసారి లెక్కపెట్టాలి. పక్షి పేరు, సంఖ్య, వేటాడుతోందా ఊరికే కూర్చుందా, పట్టింది కనబడితే ఏ చేపో, ఎంత పొడవో. తేలిన చేపల్ని పారెయ్యకుండా లెక్కపెట్టి, గాటు ఉన్నవాటిని వేరు చెయ్యాలి. వల కప్పడానికి ఒక నర్సరీ ఇచ్చే రైతుకు వల ఖర్చు ఉద్యమం భరిస్తుంది, పట్టుబడి లాభం మొత్తం అతనిదే. చెరువు లేనివాళ్లు, పట్నంలో ఉన్నవాళ్లు కావలివాళ్ల లెక్క కూలికి నెలకింత అని ఇవ్వవచ్చు, సెలవు రోజున వచ్చి గట్టు మీద కూర్చోవచ్చు. రబ్బరు చెప్పులు, టోపీ, పెన్సిలు తెచ్చుకోండి. పెన్ను వద్దు, మంచుకు సిరా చెదురుతుంది. టీ మా దగ్గర దొరుకుతుంది.